ప్రెస్ షాపు చేతిమాటలు

ప్రెస్ షాపులోకి మొదటిసారి అడుగుపెట్టిన ప్రతివాడూ చెవులు మూసుకునేవాడు. ఉక్కురేకు మీద వందల టన్నుల బరువు దభీమని పడి, ఆ దెబ్బకు రేకు కాస్తా కారు తలుపుగానో పైకప్పుగానో బానెట్‌గానో మారి బయటికొచ్చే చోటు అది. అలాంటి యంత్రాలు ఈ చివర నుంచి ఆ చివరకు వరసలు కట్టి ఉండేవి. ఒకటి ఆగితే ఇంకొకటి కొట్టేది. కొత్తగా చేరిన కుర్రాళ్లు రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించి, మెడ లోపలికి లాక్కుని నడిచేవారు.

నెవిల్ హాబ్స్ చెవులు మూసుకోలేదు. పదిహేడేళ్ల వయసులో కొత్త బూట్లతో ఆ గుమ్మం దాటి, నేలలోంచి అరికాళ్లలోకి, అక్కణ్నుంచి మోకాళ్లలోకి, పొట్టలోకి ఎక్కివస్తున్న అదురుకు ఎవరో కితకితలు పెట్టినట్టు పకపకా నవ్వాడు. వాడు ఎందుకు నవ్వుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఫోర్‌మన్ రెగ్ వాడి భుజం పట్టుకుని ఏదో అరిచాడు. నెవిల్ తన చెవి చూపించి తల అడ్డంగా ఊపాడు. రెగ్ కాసేపు చూసి, తన చెవి కూడా చూపించి, అలాగే తల ఊపి, వాణ్ని తీసుకెళ్లి తలుపుల ప్రెస్సు దగ్గర నిలబెట్టాడు.

నెవిల్‌కు మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటికి వాళ్లు ఇంగ్లండులో, హల్ రేవులో ఉండేవారు. తర్వాత నాలుగేళ్లకు ఓడెక్కి ఆస్ట్రేలియా వచ్చి, అడిలైడ్‌కు ఉత్తరాన ఎలిజబెత్‌లో ఇల్లు దొరకబుచ్చుకున్నారు. చెవిటి పిల్లల బడికి పంపారు. చేతులూపితే పిల్లలకు మాటలు రావని, ఎదుటివాళ్ల పెదాలు చూసి నోటితోనే మాట్లాడాలని ఆ రోజుల్లో పట్టుదల. నెవిల్ టీచరు పిల్లల చేతుల్ని వాళ్ల తొడల కిందే పెట్టించి కూర్చోబెట్టేది. అలా పదేళ్లు కూర్చుని వాడు నేర్చుకున్నది ఎవరికీ అర్థం కాని గొంతు ఒకటి. కొట్టులో బ్రెడ్డు అడిగితే అమ్మేవాడు ఉలిక్కిపడి చూసేవాడు. అందుకని వాడు అడగడం మానేశాడు. ఏం కావాలన్నా తల్లే అడిగేది, తల్లి లేనప్పుడు అక్క బెరిల్ అడిగేది.

ప్రెస్ షాపులో ఆ ఇబ్బంది లేదు. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. గ్రీకులు, ఇటలీవాళ్లు, యుగొస్లావులు, ఇంగ్లీషువాళ్లు, తర్వాత తర్వాత కంబోడియావాళ్లు, అందరూ ఒకే షిఫ్టులో పనిచేస్తూ, అరిచి అరిచి విసిగిపోయి, నెవిల్ రాకముందే చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటలు ఏ బడిలో నేర్పినవీ కావు. రెండు చేతులతో ప్యాంటు పైకి లాక్కుంటే ఫోర్‌మన్ రెగ్ వస్తున్నాడని అర్థం, ఎందుకంటే రెగ్ ప్యాంటు ఎప్పుడూ జారుతూ ఉండేది. పిడికిలి బోర్లించి ఊపితే టమాటా సాసు, అంటే మాంసం కూరిన 'పై' రొట్టె తినే వేళ అయిందని. ఆవలించినట్టు నోటికి అరచెయ్యి అడ్డం పెడితే సోమవారం. రెండు పిడికిళ్లూ కలిపి, పుల్ల విరిచినట్టు విడదీస్తే ప్రెస్సు ఆగిపోయిందని.

ఒక్కొక్కరికీ ఒక్కో పేరుండేది. నెవిల్ పేరు, చూపుడు వేలితో పెదవి కొసను పైకి గీయడం. మొదటిరోజు నవ్వినందుకు పెట్టిన పేరు.

తలుపుల ప్రెస్సుకు అటొకడు, ఇటొకడు నిలబడాలి. రేకు లోపల పెట్టాక ఇద్దరూ రెండేసి చేతులతో నాలుగు బొత్తాలు ఒకేసారి నొక్కితేనే పై బరువు కిందికి దిగేది. ఎవరి చెయ్యీ లోపల ఉండిపోకుండా పెట్టిన ఏర్పాటది. కనుక ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోక తప్పదు. నెవిల్‌కు ఎదురు నిలబడినవాడు థనాసి. గ్రీసులో, పెలొపొనీస్‌లో ఒక మేకల ఊరి నుంచి వచ్చినవాడు, నెవిల్ కన్నా మూడేళ్లు పెద్ద. వాడి మీసం పైపెదవిని పూర్తిగా మింగేసింది. అందుకే వాడి పేరు మీసం మెలెయ్యడం.

"నీ పెదాలు చూసి నేనేం చదవాలిరా? అక్కడ పొద తప్ప ఏమీ లేదు," అన్నాడు నెవిల్ మొదటివారమే, చేతులతో.

"పొదలో పులి ఉంది. జాగ్రత్త," అన్నాడు థనాసి.

అలా మొదలైన కబుర్లు నలభై ఏళ్లు నడిచాయి. బొత్తాలు నొక్కే మధ్య దొరికే ఆ కాస్త వ్యవధిలోనే ఎంతెంత కథలు చెప్పుకునేవారో! థనాసి వూలాను ఎలా పెళ్లాడాడు, వూలా తండ్రి కత్తి పట్టుకుని ఎంత దూరం తరిమాడు, నెవిల్ పక్కింటాయన కుక్క ఎవరి బూటు ఎత్తుకెళ్లింది. ఒక ముక్క చెప్పి బొత్తాం నొక్కి, తలుపు తీసి, రేకు పెట్టి, ఇంకో ముక్క. నెవిల్ ఎవరినైనా అనుకరిస్తే పక్క ప్రెస్సులవాళ్లు కూడా మెడలు సాచి చూసేవారు. రెగ్ మందలించడానికి వచ్చి, తననే అనుకరిస్తుంటే చూసి, నవ్వాపుకోలేక ప్యాంటు లాక్కుంటూ వెళ్లిపోయేవాడు.

ఇంట్లో నెవిల్ అలాంటి మనిషి కాదు. తిన్న పళ్లెం కడిగి పెట్టి, టీవీలో ఫుట్‌బాల్ చూసి పడుకునేవాడు. బెరిల్‌కు తమ్ముడంటే నెమ్మదైనవాడు, పాపం, లోకం తెలియనివాడు. ఒక ఏడాది ఫ్యాక్టరీలో కుటుంబాలను రానిచ్చే రోజు పెట్టారు. ఒక ప్రెస్సు నడిపి చూపించారు. బెరిల్ వచ్చి జనంలో తమ్ముణ్ని వెతుక్కుంటే, ఒక మూల పదిహేను మంది మగాళ్లు గుండ్రంగా నిలబడి కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. మధ్యలో నెవిల్. వాడి చేతులు, భుజాలు, కనుబొమలు, అన్నీ కదులుతున్నాయి. ఆమె చూస్తూ అలాగే నిలబడిపోయింది.

కారు దగ్గరికి వెళ్లేటప్పుడు వాణ్ని తనవైపు తిప్పుకుని, పెదాలు కనపడేలా అడిగింది. "ఒరేయ్ నెవ్, వాళ్లకేం చెప్తున్నావ్ రా అంతసేపు?"

నెవిల్ భుజాలెగరేశాడు. ఆ కథ ఇంటి మాటల్లో ఎలా చెప్పాలో వాడికి తెలియలేదు.

"ఇన్నేళ్లూ నాతో ఒక్క జోకు కూడా వెయ్యలేదు కదరా నువ్వు," అంది బెరిల్. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. వాడు చూడనట్టు కారు తలుపు తీశాడు.

పాతికేళ్లప్పుడు నెవిల్ నగరంలోని చెవిటివాళ్ల క్లబ్బుకు కూడా వెళ్లి చూశాడు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు కానీ, ఆ చేతులు వేరు. బారులు తీరిన పక్షుల్లా ఎగురుతున్నాయి. అది ఈ దేశపు చెవిటివాళ్లు తాతముత్తాతల నుంచి మాట్లాడుకునే అసలు సైగల భాష. నెవిల్ తన ఫ్యాక్టరీ సైగలతో ఏదో అడిగితే ఒక అమ్మాయి ముఖం చిట్లించి పక్కదానివైపు చూసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకోసారి కూడా వెళ్లాడు, తర్వాత మానేశాడు. తనకు కావలసినంత మంది సోమవారం పొద్దున ప్రెస్ షాపులో దొరుకుతుంటే రైలెక్కి నగరానికి పోవడమెందుకు అనుకున్నాడు. ఆ ప్రెస్ షాపుకే ఒకనాడు తాళం పడుతుందని అప్పుడెవరు ఊహించారు!

తాళం ఒక్కసారిగా పడలేదు. ముందు రేకులు ఎత్తిపెట్టే మర చేతులు వచ్చాయి. ప్రెస్సుకు అటూ ఇటూ నిలబడే అవసరం పోయింది. తయారైన తలుపుల్ని చివరన తీసి, వెలుగులో తిప్పి చూసి, చట్రాల్లో సర్దే పని మిగిలింది. థనాసి, నెవిల్ ఆ పనికి మారారు. కొంతకాలానికి రెండో షిఫ్టు తీసేశారు. అడిలైడ్‌కు దక్షిణాన ఉన్న ఇంకో కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. దిగుమతి సుంకాలు తగ్గాయి, డాలరు పెరిగింది, జనం వేరే దేశాల చిన్న కార్లు కొంటున్నారు. ఇవన్నీ పేపర్లలో వచ్చే సంగతులు. నెవిల్‌కు తెలిసిన సంగతి వేరు. భోజనాల గదిలో బల్లలు ఖాళీ అవుతున్నాయి. ఒకప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు చెయ్యెత్తి జోకు విసిరితే నలుగురు అందుకునేవారు. ఇప్పుడు మధ్యలో మనిషి లేడు, జోకు అంత దూరం పోవడం లేదు.

ఒక డిసెంబరు మధ్యాహ్నం ప్రెస్సులన్నీ ఆపి అందరినీ ఒకచోటికి పిలిచారు. బయట ఎండ మండిపోతోంది. కంపెనీ పెద్దాయన మైకు పట్టుకుని కాగితం చూసి చదువుతున్నాడు. దూరం వల్ల ఆయన పెదాలు అందలేదు. నెవిల్ చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. ఒక ముసలి క్రొయేషియావాడు టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. వెనక ఎవరో ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకున్నారు. నెవిల్ థనాసి మోచెయ్యి తట్టాడు.

థనాసి ఇటు తిరిగి, రెండు పిడికిళ్లూ కలిపి, విడదీశాడు. ఆగిపోయింది.

"ఏ ప్రెస్సు?" అన్నాడు నెవిల్.

థనాసి చెయ్యి చాచి గోడ నుంచి గోడకు చూపించాడు. "అన్నీ."

నెవిల్‌కు అర్థం కాలేదని వాడు మళ్లీ చెప్పాడు. "ఇంకో నాలుగేళ్లు. తర్వాత ఇక్కడ కార్లు చెయ్యరట. మనమే కాదు, మిగతా కంపెనీలూ ఆపేస్తున్నాయి. ఈ దేశంలోనే ఎవ్వరూ చెయ్యరట. బయటి నుంచి ఓడల్లో తెప్పిస్తారట."

"ఆ ఓడలైనా మనల్ని చెయ్యనిస్తారా?" అన్నాడు నెవిల్. థనాసి నవ్వలేదు.

నాలుగేళ్లూ గడిచాయి. చివరి కారు బయటికి వచ్చిన రోజు గేటు దగ్గర జనం, జెండాలు, కెమెరాలు. ప్రెస్ షాపు పని అంతకు కొన్ని వారాల ముందే అయిపోయింది, ఎందుకంటే రేకులు ముందు తయారు కావాలి కదా. ఆఖరి తలుపు చట్రంలో పెట్టాక ఎవరో ప్రెస్సును ఆపేశారు. చెవులున్నవాళ్లు ఆ నిశ్శబ్దానికి బిత్తరపోయి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నెవిల్ బూట్ల కింద నేల మామూలు నేలలా చల్లగా, కదలకుండా ఉంది. అందరూ ఒక్కసారి గొంతులు విప్పి మాట్లాడుకోవడం మొదలెట్టారు. అరవాల్సిన పని లేదు మరి. నెవిల్ తన సామాను సంచిలో సర్దుకున్నాడు.

పని పోయినవాళ్లకు పని చూపించే ఆఫీసు ఒకటి తెరిచారు. నెవిల్ కోసం సైగల భాషలో చెప్పే మనిషిని కూడా పిలిపించారు. ఆమె నల్లచొక్కా వేసుకుని ఎదురుగా కూర్చుంది. ఆఫీసు అమ్మాయి మాట్లాడుతుంటే ఆమె చేతులు చకచకా కదిలాయి. నెవిల్‌కు 'పని' తెలిసింది, 'నువ్వు' తెలిసింది, ఇంకేమీ తెలియలేదు. తనకు తెలిసిన చేతులతో సమాధానం చెప్పాడు. ఆమె అయోమయంగా చూసింది. మళ్లీ చెప్పాడు. ఆఫీసు అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు నెవిల్‌కు బాగా తెలుసు. పాపం బుర్ర కూడా తక్కువేమో అనుకునే నవ్వు అది. ఆ తర్వాత ఏం అడిగినా సరేనని తలూపాడు, త్వరగా బయటపడితే చాలని.

బయట మెట్ల దగ్గర ఆ నల్లచొక్కా ఆమె వెనకాలే వచ్చింది. పెదాలు నెమ్మదిగా కదిపి, "ఇక్కడే, లైబ్రరీ పక్క హాల్లో మంగళవారాలు సైగల భాష క్లాసు ఉంది. మీరు రావచ్చు కదా?" అంది.

అరవై ఏళ్ల చెవిటివాడు చెవిటివాళ్ల భాష నేర్చుకోవడానికి బడికి పోవాలా? నెవిల్ నడిచి ఇంటికి వెళ్లిపోయాడు.

అప్పటికి తల్లి పోయి చాలాకాలమైంది. బెరిల్ భర్తతో ముర్రే నది ఒడ్డున ఉండేది. జంట ఇళ్లలో ఒక సగం నెవిల్‌ది. పొద్దున్నే లేచి, టీ తాగి, ఇంటి ముందు గడ్డి కత్తిరించేవాడు. గడ్డి పెరగకపోయినా కత్తిరించేవాడు. షాపింగు సెంటరుకు వెళ్లి బెంచీ మీద కూర్చుని జనాన్ని చూసేవాడు. బ్రెడ్డు తీసుకోవడానికి ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు ఇప్పుడు, యంత్రానికి చూపించి సంచిలో వేసుకోవచ్చు. దానివల్ల వారాలకు వారాలు ఎవరితోనూ ఒక్క మాట లేకుండా గడిచిపోయేది, ఒక్క గురువారం తప్ప.

గురువారం థనాసి వచ్చేవాడు. పార్కుల్లో ఎవరూ పట్టించుకోని ఆలివ్ చెట్ల కాయలు దులిపి తెచ్చి, నెవిల్ షెడ్డులో కూర్చుని ఒక్కొక్క కాయకు గాటు పెట్టేవారు ఇద్దరూ. గాటు పెట్టేవాడు మాట్లాడలేడు కాబట్టి వంతులవారీగా మాట్లాడేవారు.

"వూలా నన్ను ఇంట్లోంచి తోసేసింది. రోజంతా కాళ్లకు అడ్డం పడుతున్నానట."

"నాకూ అడ్డమే పడుతున్నావ్. కాలు తియ్యి, బకెట్టు అందడం లేదు."

మూత పడిన ఏడాదికి పాతవాళ్లంతా పెద్దరోడ్డు మీది పబ్బులో కలుసుకోవాలనుకున్నారు. నెవిల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని థనాసితో కలిసి వెళ్లాడు. తెలిసిన ముఖాలు చాలానే కనిపించాయి. ఒకడు గోదాములో చేరాడు, ఒకడు బస్సు నడుపుతున్నాడు, ఒకడికి గుండె ఆపరేషన్ అయింది. ఈ సంగతులన్నీ నెవిల్‌కు థనాసి చెప్పాడు. ఎందుకంటే ఎవ్వరూ చేతులతో మాట్లాడడం లేదు. ఒక చేతిలో బీరు గ్లాసు, రెండో చెయ్యి జేబులో. అందరి నోళ్లూ కదులుతున్నాయి. రెగ్ వచ్చి నెవిల్ వీపు తట్టి, నోటితో ఏదో అడిగి, జవాబు కోసం ఆగకుండా తలూపి పక్క బల్లకు వెళ్లిపోయాడు. వాళ్లకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. వినపడుతున్నప్పుడు చేతులు గుర్తుకు రావు, అంతే.

తర్వాత ఇద్దరు గిటార్లవాళ్లు, ఒక డ్రమ్ములవాడు వచ్చి మూలన వేదిక ఎక్కారు. వాయించడం మొదలెట్టేసరికి బల్ల మీద గ్లాసులు అదిరాయి. నెవిల్‌కు ఆ అదురు మోచేతుల్లో తెలిసింది. నోళ్లు కాసేపు పెద్దపెద్దగా తెరుచుకున్నాయి, చెవుల దగ్గరికి వంగాయి, చివరికి విసిగి మూతపడ్డాయి. అప్పుడు అటు మూల నుంచి ఎవరో గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో ప్యాంటు పైకి లాక్కున్నారు. రెగ్ వస్తున్నాడు!

పబ్బంతా పగలబడి నవ్వింది. ఒక్కొక్క గ్లాసే కిందికి దిగింది. చేతులు లేచాయి. ఎవరో నెవిల్‌ను చూసి పెదవి కొసన వేలితో గీసి, "నువ్వు చెప్పు, నువ్వు చెప్పు," అన్నారు. నెవిల్ లేచి నిలబడ్డాడు. ఒకసారి రెగ్ తలుపుల చట్రంలో ఇరుక్కుపోయిన కథ ఎత్తుకున్నాడు. ఏడాదిగా కదలని భుజాలు కదిలాయి. రెగ్ ఇరుక్కున్నాడు, క్రేనువాడు పైకి చూస్తున్నాడు, కింద రెగ్ బూటు ఒకటి జారిపోయింది...

డ్రమ్ములవాడు కర్రలు కింద పెట్టి నీళ్లు తాగడానికి వెళ్లాడు. ఎదురుగా ఉన్న ముఖాలు ఒక్కొక్కటీ పక్కకు తిరిగాయి. ఎవరో ఏదో అన్నారు, అందరూ అటు నవ్వారు. నెవిల్ చేతులు గాల్లోనే ఉన్నాయి.

థనాసి ఒక్కడే ఇటు చూస్తున్నాడు. "తర్వాత?"

"తర్వాతేముంది? నీకు తెలిసిందే కదా," అని నెవిల్ కూర్చున్నాడు.

ఆ చలికాలంలో థనాసికి చెవి యంత్రాలు పెట్టారు. ప్రెస్సుల మోతకు వాడి చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. మొదటి గురువారం వచ్చి, చెవుల వెనక చిన్న గింజల్లాంటివి చూపించాడు.

"ఎలా ఉంది?" అన్నాడు నెవిల్.

"పిట్టలు అరుస్తున్నాయిరా. వూలా కూడా. ఇంత గట్టిగా అరుస్తుందని ముందే తెలిస్తే ఇవి పెట్టించుకునేవాణ్ని కాదు."

కానీ వాడి ముఖం వెలిగిపోతోంది. మనవరాలు పాడితే వినపడుతోందట. ఆలివ్ కాయలకు గాట్లు పెడుతుండగా వాడి ఫోను మోగింది. మీసం కింద పెదాలు కదులుతూ చాలాసేపు మాట్లాడాడు, మధ్యమధ్య నవ్వాడు. నెవిల్ తన వాటా కాయలు కోసి, థనాసి వాటా కూడా కోసేశాడు.

ఇంకో ఏడాది తిరగకుండానే థనాసి, వూలా ఇల్లమ్మేసి మెల్బోర్న్ వెళ్లారు, కూతురికి రెండో కాన్పులో కవలలు పుట్టారని. వెళ్లే రోజు కొత్త కొరియా కారులో నెవిల్ ఇంటి ముందు ఆగారు. వూలా పాలకూర కూరి కాల్చిన 'పై' రొట్టెను పళ్లెంతో సహా తెచ్చి నెవిల్ చేతుల్లో పెట్టి, బుగ్గలు రెండూ ముద్దుపెట్టుకుంది. నెవిల్ పళ్లెం గోడ మీద పెట్టి కారు తలుపు వేళ్లతో నొక్కి చూశాడు.

"రేకు పల్చన," అన్నాడు.

"గాలికి ఎగిరిపోకుండా వూలాను కూర్చోబెట్టా," అన్నాడు థనాసి. తర్వాత జేబులోంచి ఫోను తీసి చూపించాడు. "ఫోన్లో చూసుకుంటూ మాట్లాడదాం. ప్రతి గురువారం. సరేనా?"

"సరే."

ఫోన్లో మాట్లాడడం వాళ్లనుకున్నంత సులువు కాలేదు. ఒక చేత్తో ఫోను పట్టుకుంటే మాట్లాడడానికి మిగిలేది ఒక్క చెయ్యి. ప్రెస్ షాపు మాటల్లో సగానికి రెండు చేతులూ కావాలి. థనాసి సగం మాట చెప్పి, రెండో సగం నువ్వే ఊహించుకోమన్నట్టు కనుబొమలెగరేసేవాడు. నెవిల్ ఫోన్ను పంచదార డబ్బాకు ఆనించి పెట్టాడు. థనాసి దేనికి ఆనించినా జారి పడేది, పైకప్పు కనిపించేది. చివరికి వూలా పట్టుకుని నిలబడేది. ఆమెకు చెయ్యి పీకేది. కవలలు ఏడిస్తే ఫోను వదిలేసి పరిగెత్తేది. గురువారాలు రెండు వారాలకొకసారి అయ్యాయి, తర్వాత నెలకొకసారి.

ఒక మంగళవారం నెవిల్ లైబ్రరీకి అని బయల్దేరి, దాని పక్క హాలు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, లోపలికి వెళ్లాడు.

గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒక నర్సు, చంటిబిడ్డతో ఒక జంట, ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు. పాఠం చెప్పే మనిషి మార్నీ, నలభై ఏళ్లుంటాయి, ఆమెకూ వినపడదు. నెవిల్ పెదాలు కదపడం చూసి ఆమె దగ్గరికొచ్చి, వేలితో వాడి నోటిని చూపించి, నోరు మూసుకొమ్మని సైగ చేసింది. ఇక్కడ చేతులే వాడాలి అన్నట్టు. నెవిల్ తన చెవి చూపించి తల అడ్డంగా ఊపాడు.

మార్నీ కళ్లు చిన్నవి చేసింది. "చెవిటివాడివా? మరి చెవులున్నవాళ్ల క్లాసులో ఏం చేస్తున్నావ్?"

ఆ మాత్రం నెవిల్‌కు అర్థమైంది. నేర్చుకోవాలి అన్నాడు తన చేతులతో. ఆమెకు అర్థం కాలేదు. కానీ నవ్వలేదు. క్లాసు అయ్యాక వాణ్ని కూర్చోమంది. ఇద్దరూ మూగసైగలతో, పెదాలతో, నేల మీద వేలితో గీసి చూపించుకుంటూ చాలాసేపు తంటాలు పడ్డారు. నెవిల్ బొత్తాలు నొక్కడం చూపించాడు, పై నుంచి దిగే బరువు చూపించాడు, రేకు తలుపుగా మారడం చూపించాడు. సాసు, సోమవారం, రెగ్ ప్యాంటు. మార్నీ ఒక్కొక్కటీ తన చేతులతో చేసి చూసింది, సరిగ్గా వచ్చిందా అని అడిగింది. వాళ్లమ్మా, అమ్మమ్మా కూడా చెవిటివాళ్లే. ఆమె చేతుల్లో తన మాటలు చూస్తుంటే నెవిల్‌కు ఒళ్లు ఝల్లుమంది.

"ఇవి మాట్లాడేవాళ్లు ఎంతమంది?" అంది మార్నీ.

నెవిల్ చేతులు బాగా చాపాడు, హాలు పట్టనంత మందని. తర్వాత కాస్త ఆలోచించి దగ్గరికి తెచ్చాడు. ఇంకా దగ్గరికి తెచ్చాడు. చివరికి రెండు వేళ్లు చూపించాడు.

ఆ తర్వాత మంగళవారాలు మానలేదు. బుర్రకు ఎక్కడం కష్టమైంది. నర్సు రెండు వారాల్లో నేర్చుకున్నది వాడికి రెండు నెలలు పట్టింది, ఎందుకంటే ప్రతి కొత్త మాటకూ చేతుల్లో ఒక పాత మాట అడ్డం పడేది. మార్నీ వాణ్ని మళ్లీ నగరంలోని క్లబ్బుకు తీసుకెళ్లింది. శనివారం సాయంత్రాలు అక్కడ పేకాట. అక్కడ ఆడేవాళ్లంతా చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తెలిసినవాళ్లు, జోకులు మెరుపుల్లా పోయేవి. అందరూ నవ్వేశాక నెవిల్‌కు అర్థమయ్యేది, వాడు ఒంటరిగా నవ్వేవాడు. పండ్ల కొట్టు ముసలాయన ఒకడు ఓపిగ్గా జోకు రెండోసారి చెప్పేవాడు. రెండోసారి చెప్పిన జోకులో ఏం రుచి ఉంటుంది? అయినా నెవిల్ శనివారం శనివారం రైలెక్కేవాడు. వాళ్లు వాడికి ఒక పేరు పెట్టారు, అరచేతి మీద పిడికిలి దభీమని గుద్దడం. నవ్వేవాడు అన్న పేరు అక్కడెవరికీ తెలియదు.

వసంతం వచ్చాక ఒక గురువారం థనాసి ఫోన్ చేశాడు. మనిషి చిక్కాడు, మీసం పూర్తిగా నెరిసింది. వూలా ఫోను పట్టుకుని నిలబడింది.

"ఎలా ఉన్నావురా?" అన్నాడు థనాసి.

నెవిల్ చెప్పాడు. బెరిల్ మోకాలికి ఆపరేషన్ అయిందని, పక్కింటివాళ్లు మారారని, శనివారం పేకాటలో గెలిచానని. థనాసి ముఖం చిట్లించి ఫోను దగ్గరికి వంగాడు.

"ఏంటీ? మళ్లీ చెప్పు."

నెవిల్ మళ్లీ చెప్పాడు.

"ఏమంటున్నావో అర్థం కావట్లేదురా. ఆ చేతులేంటి?"

నెవిల్ తన చేతులవైపు చూసుకున్నాడు. శనివారం, పేకాట, గెలుపు. మూడూ క్లబ్బు మాటలే. ప్రెస్ షాపులో శనివారం ఎలా చెప్పేవాళ్లమా అని వెతుక్కుంటే వెంటనే చేతికి అందలేదు. థనాసి ఎదురు చూస్తున్నాడు. ఎట్టకేలకు గుర్తొచ్చింది. నెవిల్ మెల్లగా, ఒక్కొక్కటే, పాత మాటల్లో చెప్పాడు.

"ఓహో, గెలిచావా!" అన్నాడు థనాసి. "ఎవరితో ఆడావ్?"

"అక్కడివాళ్లతో. నీకు తెలియదు."

థనాసి తలూపాడు. వెనక ఎక్కడో పిల్లలు ఏడ్చినట్టున్నారు, వాడి తల అటు తిరిగింది. తెర మీద బొమ్మ ఊగి, వూలా ముఖం దగ్గరగా వచ్చి, "చెయ్యి పడిపోతోంది నెవిల్, మళ్లీ చేస్తాం," అని పెదాలతో చెప్పింది. నెవిల్ ఆమెకు చెయ్యి ఊపాడు. ఫోను ఆరిపోయాక కాసేపు బల్ల దగ్గరే కూర్చుని, ప్రెస్ షాపు మాటలు గుర్తున్నంతవరకు ఒక్కొక్కటే చేసుకుంటూ పోయాడు. తర్వాత లేచి, టీకి నీళ్లు పెట్టుకున్నాడు.